దవడ బిగిస్తే కదిలిన పడవ

బెంగళూరు న్యూరోఫీడ్‌బ్యాక్ కేంద్రంలో తలకు తీగలు అమర్చే అమ్మాయికి మావాడి తల ముట్టుకోగానే అర్థమైపోయింది. విసుక్కోలేదు. "నూనె పెట్టకుండా తలంటి తీసుకురమ్మని ఫోన్లో చెప్పాను కదమ్మా" అంది కన్నడంలో, మెల్లగా. బళ్ళారి పక్కన బతికేవాళ్ళం, కన్నడం మాకు కొత్త కాదు. చెప్పిన మాట నిజమే, మేం తలంటిందీ నిజమే. కానీ బెంగళూరు బస్సెక్కే ముందు మా అమ్మ మనసు ఒప్పలేదు. పిల్లోడు ఊరు దాటి పోతాండాడు, ఎండిన తలతో పంపితే ఎట్ల అని చారెడు కొబ్బరినూనె మర్దించి పంపింది. విడపనకల్లు నుంచి రాత్రంతా కూర్చుని పోయినవాళ్ళం, పొద్దున్నే ఆ కేంద్రం స్నానాల గదిలో వాడికి మళ్ళీ తల కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టి, గంట ఆలస్యంగా కుర్చీలో కూర్చోబెట్టాం.

న్యూరోఫీడ్‌బ్యాక్ అనే పెద్ద మాట వెనక ఉన్న పని ఎంత సున్నితమైనదో నాకు మొదట చెప్పింది ఆ కొబ్బరినూనె. నెత్తి చర్మం మీద మనకు అందే మెదడు విద్యుత్తు ఉజ్జాయింపుగా 50 మైక్రోవోల్టులు. టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల సెల్లును 30 వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. అంత చిన్న సంకేతం ఎముకను, చర్మాన్ని దాటి వచ్చేసరికి మధ్యలో నూనె పొర ఉంటే ఇంకేం అందుతుంది? అందుకే ఆ అమ్మాయి టేపు తీసి, ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా కొలిచి, సగానికి నడినెత్తిన పెన్సిలుతో చుక్క పెట్టింది. తల మీద దూరాలను పదో వంతు, ఐదో వంతు చొప్పున పంచుకుని ఎలక్ట్రోడులు అమర్చే ఈ కొలతకు 10-20 పద్ధతి అని పేరు. 1958లో హెర్బర్ట్ జాస్పర్ దీన్ని ప్రకటించినప్పటి నుంచి ప్రపంచమంతా ఇదే లెక్క. చుక్క పెట్టిన చోట గరుకు జెల్లుతో చర్మాన్ని రుద్ది, ముద్దలాంటి పేస్టు పెట్టి, దాని మీద గిన్నె ఆకారపు చిన్న బిళ్ళ అంటించింది. చెవి తమ్మెలకు రెండు క్లిప్పులు. తర్వాత తెర మీద ఒక అంకె చూసి, నచ్చక, బిళ్ళ తీసి మళ్ళీ రుద్దింది. అలా మూడుసార్లు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని నేను. వోల్టు మీటరు ముందు అంత ఓపికగా కూర్చున్న మనిషిని చూసి ఎన్నేళ్ళయిందో.

మావాడంటే మా తమ్ముడి కొడుకు. తొమ్మిదేళ్ళు. బడిలో కుర్చీ మీద నిలవడు, నోటుబుక్కులో లెక్క సగంలో ఉండగానే కిటికీ దగ్గరుంటాడు, నిన్న కొనిచ్చిన పెన్ను ఈ రోజు ఉండదు. చాలాకాలం "అల్లరి" అనుకున్నాం. బెంగళూరులో పిల్లల మానసిక వైద్యురాలు రెండు పూటలు వాడితో మాట్లాడి, బడి నుంచి టీచర్ల అభిప్రాయాలు తెప్పించుకుని, ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ అని చెప్పింది. ఆమె న్యూరోఫీడ్‌బ్యాక్ మాట ఎత్తలేదు. మందు రాసింది, ఇంట్లో ఎట్లా మెలగాలో మా మరదలికి నేర్పింది, వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమని బడికి చీటీ రాసిచ్చింది. న్యూరోఫీడ్‌బ్యాక్ మాట మా తమ్ముడికి వేరే చోట తగిలింది. మందు లేకుండా మెదడుకే శిక్షణ ఇస్తామన్నారట. మిరప రైతుకు మందు లేకుండా అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

సాధన ఇలా ఉంటుంది. తెర మీద ఒక పడవ. పిల్లవాడి మెదడు తరంగాల్లో కోరుకున్న రకం పెరిగి, వద్దనుకున్న రకం తగ్గితే పడవ కదులుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. చెప్పలేరు కూడా. సైకిలు నేర్చుకునేటప్పుడు ఒళ్ళు దానంతటదే తూకం కనుక్కున్నట్టు మెదడు కనుక్కోవాలి. అర గంట, నలభై నిమిషాలు. వారానికి రెండు మూడుసార్లు. మొత్తం ముప్పై, నలభై సార్లు.

ఆ నలభై అన్న అంకె దగ్గరే మా తమ్ముడు ఆగిపోయాడు. "అక్కా, నలభై తూర్లు ఎట్ల పోతాం? మిరప ఎవరు చూస్తారు?" అన్నాడు. మా ఊరి నుంచి బెంగళూరుకు రానూపోనూ 500 కిలోమీటర్ల పైమాట. నలభై సార్లంటే 20 వేల కిలోమీటర్లు, భూమి చుట్టుకొలతలో సగం. మధ్యలో బడి పోతుంది, ఇద్దరు మనుషుల కూలి పోతుంది, రాత్రంతా నిద్ర లేని పిల్లవాడి చేత పొద్దున్నే ఏకాగ్రత సాధన చేయించాలి. ఇంకా దగ్గర ఏముందని బళ్ళారిలో అడిగాం, అనంతపురంలో అడిగాం. తల మీద తీగలు పెట్టి మూర్ఛ ఉందో లేదో చూసే ఈఈజీ పరీక్ష దొరుకుతుంది గానీ, ఇలా కూర్చోబెట్టి నెలల తరబడి సాధన చేయించేవాళ్ళు మాకు దొరకలేదు. కేంద్రంవాళ్ళే దారి చెప్పారు. నాలుగు సెషన్లు ఇక్కడ, మిగతావి ఇంట్లో. యంత్రం అద్దెకు ఇస్తాం, నుదుటికి పట్టీ, టాబ్లెట్‌లో ఆట, రోజూ ఫలితం మాకు చేరుతుంది.

దీని పుట్టుక చెప్పకపోతే ఇల్లా, క్లినిక్కా అన్న ప్రశ్నకు వేరు దొరకదు. 1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. కళ్ళు మూసుకుని ఊరికే ఉన్నప్పుడు సెకనుకు పదిసార్లు కొట్టుకునే ఆల్ఫా లయ ఆయన కనుక్కున్నదే. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ యోగుల తలలకు తీగలు అమర్చి చూశారు. 4 డిగ్రీల చన్నీళ్ళలో ముప్పావు గంటకు పైగా చెయ్యి ముంచి ఉంచినా ఇద్దరు యోగుల్లో ఆల్ఫా చెదరలేదని రాశారు. సాధనతో మెదడు లయ మనిషి చేతికి వస్తుందనడానికి మన దేశం ఇచ్చిన సాక్ష్యం అది. అదే కాలంలో అమెరికాలో జో కమియా గంట మోగించి "ఇప్పుడు నీలో ఆల్ఫా ఉందా?" అని అడిగేవాడు. జవాబు తప్పో ఒప్పో చెబుతూ పోతే మనుషులు తమ ఆల్ఫాను తామే గుర్తుపట్టడం నేర్చుకున్నారు. లాస్ ఏంజెలిస్‌లో బ్యారీ స్టెర్మన్ పిల్లులకు ఒక ప్రత్యేకమైన లయ వస్తే పాలు పోసి ఆ లయను పెంచాడు. తర్వాత రాకెట్ ఇంధనం విషప్రభావం మీద వేరే పరిశోధనలో అవే పిల్లులు మిగతా పిల్లుల కంటే ఆలస్యంగా మూర్ఛకు లోనయ్యాయి. 1972లో ఆయన మూర్ఛ ఉన్న ఒక యువతికి అదే శిక్షణ ఇచ్చిన వివరం అచ్చయింది. మన నిమ్హాన్స్‌లోనూ తలకు దెబ్బ తగిలినవాళ్ళ జ్ఞాపకశక్తి కోసం ఈ సాధన చేయించి చూశారు, 2009 నాటికే దాని మీద వ్యాసం వచ్చింది.

స్టెర్మన్ పిల్లుల సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. వాటికి ఎలక్ట్రోడులు పుర్రెలోనే అమర్చారు. కొబ్బరినూనె లేదు, చెమట లేదు, కదిలే తీగ లేదు. పాలు వచ్చాయంటే ఆ లయ నిజంగా వచ్చినట్టే. మనిషి పిల్లకు నెత్తి మీంచి కొలవాలి. అక్కడ సంకేతంతో పాటు ఒళ్ళంతా మాట్లాడుతుంది.

అది నేను మా ఇంట్లో చూశాను. పట్టీ వచ్చింది ఫిబ్రవరిలో. మొదటి నెల బాగానే ఉంది. మార్చి తిరిగేసరికి విడపనకల్లు ఎండ తెలిసిందే. నల్లరేగడి నేల నెర్రెలు ఇస్తుంది, మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఊపిరాడదు. ఫ్యాను వేస్తే గాలికి పట్టీ కదిలి గీతలు చెదురుతాయి. ఫ్యాను ఆపితే నుదుటి మీద చెమట. చెమట పట్టిన చర్మం నుంచి నెమ్మదిగా ఊగే పెద్ద అలలు వస్తాయి, యంత్రం వాటిని మెదడు మందగించిందని చదువుకుంటుంది. కరెంటు తీగల 50 హెర్ట్జ్ గుయ్యి ఎప్పుడూ పక్కనే. టాబ్లెట్ చార్జింగులో ఉంటే ఇంకా ఎక్కువ. మరదలు తెల్లవారుజామున అయిదింటికి లేపి కూర్చోబెట్టేది. ఆ చల్లని వేళ పిల్లవాడికి కళ్ళు మూతలు పడేవి. ఇవన్నీ ఎవరి తప్పూ కాదు. ఎయిర్ కండిషనరు గదిలో రాసిన సూచనలు మా రేకుల కింద పని చేయకపోవడం, అంతే.

ఆపైన స్కోర్లు పెరిగాయి. వారం వారం కేంద్రం నుంచి ఫోను వచ్చేది. "చాలా బాగుందమ్మా, 60 నుంచి 92కు వచ్చాడు" అనేవారు. మరదలు సంతోషంతో ఊరంతా చెప్పుకుంది. బడిలో మాత్రం టీచరు ఏ తేడా లేదంటోంది. ఒక సాయంత్రం నేను వాడి పక్కన కూర్చున్నాను. పడవ రివ్వున పోతోంది. వాడి కణత దగ్గర కండ ఉబ్బుతోంది, తగ్గుతోంది.

"ఏందిరా అది?"

"అత్తా, పండ్లు కొరికి పట్టుకుంటే పడవ ఉరుకుతాది" అన్నాడు, గుట్టు విప్పి చెబుతున్నవాడిలా, గర్వంగా.

పట్టీ తీసి నా నుదుటికి పెట్టుకుని దవడ బిగించాను. పడవ ఉరికింది. దవడ నడిపే కండ కణతల దాకా ఉంటుంది, సరిగ్గా పట్టీ కింద. అది బిగిస్తే పుట్టే విద్యుత్తు మెదడు తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దది, చురుకుదనానికి గుర్తని చెప్పే బీటా తరంగాలుండే శ్రేణిలోనే అదీ పడుతుంది. యంత్రం దాన్ని ఏకాగ్రతగా లెక్కకట్టింది. ఆరు వారాలు మా పిల్లవాడు నేర్చుకున్నది దవడ బిగించడం. వాణ్ణి నేను తిట్టలేదు. ఆట ఏం కోరుతుందో కనుక్కొని అదే ఇచ్చాడు. తెలివితక్కువ పిల్లవాడు చేసే పని కాదది.

అప్పుడు గుర్తొచ్చింది, బెంగళూరులో ఆ అమ్మాయి మొదటి రోజు చేసిన పని. ఆట మొదలుపెట్టకముందే వాడి చేత పళ్ళు కొరికించింది, కళ్ళు ఆర్పించింది, మెడ తిప్పించింది. తెర మీద గీతలు చూపిస్తూ "ఇది నీ దవడ, ఇది నీ కన్ను, ఇది నీ మెదడు, చూడు ఎంత చిన్నగా ఉందో" అని వేరు చేసి చూపించింది. వాడు నోరు తెరిచి చూశాడు. సెషను మధ్యలో వాడు దవడ బిగించినప్పుడల్లా పక్క నుంచి భుజం మీద వేలితో తట్టేది. ఇంటికొచ్చిన పట్టీలో ఆ గీతలే కనపడవు. పడవ, స్కోరు, నక్షత్రాలు మాత్రమే. ముడి గీతలు పంపమని నేను అడిగితే, అవి దాచుకోలేదన్నారు కేంద్రంవాళ్ళు.

అందుకే ఇంట్లోనా, క్లినిక్కులోనా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. ఖరీదు తర్వాత, దూరం తర్వాత. గీత చదవగల మనిషి ఎవరు, ఎంత దగ్గరగా ఉన్నారు? ఇంట్లో యంత్రం పెట్టుకున్నా ఆ మనిషి ప్రతి సెషనూ ముడి గీతలతో సహా చూసి, రెండో రోజే ఫోన్ చేసి "నిన్న దవడ బిగించాడు, మళ్ళీ చేయించండి" అని చెప్పగలిగితే అది క్లినిక్కుకు దగ్గరి మాట. క్లినిక్కులో కూర్చున్నా బిళ్ళ అంటించి, ఆట పెట్టి, పక్క గదిలోకి పోయే మనిషైతే అది ఇల్లే, పైగా బస్సు చార్జీలు అదనం. కెనడాలో తయారైన మ్యూజ్ లాంటి పట్టీలు 2014 నుంచి అమ్ముతున్నారు. ధ్యానానికి తోడుగా అవి కొనుక్కునే పెద్దవాళ్ళను నేను వారించను. వాళ్ళ ఒళ్ళు వాళ్ళు గమనించుకోగలరు. జబ్బు పేరు పెట్టుకుని వచ్చిన పిల్లవాడి సంగతి వేరు. మూర్ఛ ఉన్నవాళ్ళు, తలకు దెబ్బ తగిలినవాళ్ళు న్యూరాలజీ డాక్టరు చూడకుండా ఇంట్లో ఏ పట్టీ పెట్టుకోవద్దు. మూర్ఛ మందు ఒక్క పూట కూడా ఆపొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇంతకు ముందే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. నేను దాన్ని ఆలస్యంగా అడిగాను, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అసలు ఈ సాధన ఏడీహెచ్‌డీకి పనిచేస్తుందా? 2021లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 144 మంది. అందరికీ 38 సెషన్లు, మంచి కేంద్రాల్లో, శిక్షణ పొందినవాళ్ళ చేతుల మీదుగా. కొందరికి వాళ్ళ మెదడు తరంగాలతోనే ఆట నడిచింది. మిగతావాళ్ళకు ముందుగా రికార్డు చేసిన వేరేవాళ్ళ తరంగాలతో నడిచింది. ఎవరికి ఏది అన్నది పిల్లలకు తెలియదు, అమ్మానాన్నలకు తెలియదు, చేయించేవాళ్ళకూ తెలియదు. చివరికి రెండు గుంపుల పిల్లలూ బాగుపడ్డారు. తల్లిదండ్రులు, టీచర్లు ఇచ్చిన మార్కుల్లో రెంటికీ తేడా లేదు. ఏడాది తర్వాత చూస్తే అసలు సాధన చేసినవాళ్ళకు మందు కొంత తక్కువ అవసరమైందన్న ఒక్క విషయం దాని పక్షాన నిలిచింది. 2024 చివర్లో 38 పరీక్షలను, 2,472 మందిని కలిపి చూసిన మరో సమీక్ష కూడా గుంపుగా చూస్తే చెప్పుకోదగ్గ లాభం కనపడలేదనే తేల్చింది.

వేరేవాళ్ళ తరంగాలతో ఆడిన పిల్లలు ఎందుకు బాగుపడ్డారు? ఈ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. వయసు పెరగడం కొంత. ఆశ కొంత. దానితో పాటు, వారానికి మూడుసార్లు ఒక పెద్ద మనిషి వాళ్ళ పక్కన కూర్చుంది, ఫోను పక్కన పెట్టింది, కదలకుండా కూర్చున్నందుకు మెచ్చుకుంది. ఇంట్లో ఎవరు అంతసేపు ఒక్క పిల్లవాడి కోసం కూర్చుంటారు? మా మరదలికి పొలం, వంట, గొడ్లు, ముసలి అత్త. ఆ ముప్పావు గంట ఎక్కడుంది ఆమెకు?

తమ్ముడు పరీక్ష సంగతి విని చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత అన్నాడు. "నాలుగు బోర్లు వేస్తిని గదక్కా ఆ రెండెకరాల్లో. నాలుగూ పోయె. అయిదోది వెయ్యద్దని నువ్వే అంటివి. ఇదీ అట్లే అయిందా?" నేను కాదనలేకపోయాను. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా నడిచి, అది లేచి నిలబడ్డ చోట పాయింటు పెట్టినవాణ్ణి నమ్మాడు మా తమ్ముడు. కాయ లేవడం కళ్ళతో చూశాడు గనక నమ్మాడు. పడవ కదలడం మేమూ కళ్ళతోనే చూశాం.

పట్టీ తిరిగి పంపేశాం. డాక్టరమ్మ రాసిన మందు మళ్ళీ క్రమంగా మొదలుపెట్టాం. ఆపింది మేమే, ఆమెకు చెప్పకుండా ఆపాం, అది మా తప్పు. బెంగళూరుకు ఇప్పుడు మూడు నెలలకోసారి పోతున్నాం. మధ్యలో ఏదైనా తోచకపోతే ఫోన్లో అడగొచ్చు. టెలీమానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన 14416 నెంబరుకు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ సంగతి మా మండలంలో చాలామందికి తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సాధన మాత్రం పూర్తిగా పోలేదు. సాయంత్రం పశువులు ఇంటికి చేరాక, దీపాలు పెట్టే వేళ, మరదలు ఇరవై నిమిషాలు వాడి పక్కన కూర్చుంటుంది. పట్టీ ఉన్నప్పుడు అలవాటైన చోటే, అదే చాప మీద. తెర లేదు. పది లెక్కలు, ప్రతి రెండింటికీ లేచి ఒకసారి వాకిలి దాకా పోయి రావచ్చు. ముందు నాలుగు లెక్కలకే లేచిపోయేవాడు. ఇప్పుడు పది అవుతున్నాయి, కొన్ని రోజులు కావు. బడిలో ముందు బెంచీ ఇచ్చారు. పెన్నులు ఇంకా పోతూనే ఉన్నాయి.

పోయిన ఆదివారం పక్క పొలంలో బోరు లారీ వచ్చింది. తమ్ముడిది కాదు, వాళ్ళ పాలివాళ్ళది. పొద్దున పది నుంచి రెండున్నర దాకా మావాడు గట్టు మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. నేనే టిఫిను గిన్నె పట్టుకుని పోయాను. దుమ్ము తెల్లగా లేస్తోంది, ఆ చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. వాడు చూపు తిప్పకుండా, కదలకుండా, ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా వేలితో మట్టిలో గీత గీస్తున్నాడు. దవడ వైపు చూశాను. వదులుగానే ఉంది. అయిదేసి గీతలకు ఒక అడ్డగీత, నేను బడిలో నేర్పిన లెక్క.

"ఎన్ని?" అని చెవి దగ్గర అరిచి అడిగాను.

"ఇరవై ఏడత్తా. ఇంగా దుమ్మే వస్తాండాది."